ముందూ లేడు, వెనకా లేడు

ఎన్‌ఏడీ జంక్షన్‌లో ఎర్రలైటు పడింది. నా స్కూటరు ముందు నీళ్ళక్యాన్ల ఆటో ఒకటి ఆగింది. జారిపోతున్న క్యాన్లు సర్దడానికి డ్రైవరు కిందికి దిగాడు. అతని వీపు మీద నా చూపు ఆగిపోయింది. పసుపుపచ్చ రేసు జెర్సీ. ఎడమ భుజం మీద చిరుగు, ఆ చిరుగుకి నల్లదారంతో వేసిన వంకర కుట్టు. ఆ కుట్టు నాకు తెలుసు. సూదిలో దారం ఎక్కించింది నేను, కుట్టుకున్నది వాడు. "కుట్లేసుకోడం మనకి కొత్తేటి బావా? గుడ్డకైతే నొప్పుండదు" అని నవ్వుతూ కుట్టుకున్నాడు.

లైటు పచ్చబడింది. ఆఫీసు దారి వదిలేసి ఆటో వెనక పడ్డాను. కంచరపాలెంలో ఒక టిఫిన్ కొట్టు ముందు ఆగి, అతను నావైపు తిరిగాడు. వాడి మొహం కాదు. కాదని తెలిసే వెళ్ళాను.

"ఏటి సార్, సిగ్నల్ కాడ్నించి ఎనకాలే వొత్తన్నారు? మీ బండికేటైనా తగిలిందేటి?"

"లేదు. ఆ చొక్కా ఎక్కడిది?"

"ఇదా? మా వీధిలో ఓ అప్ప ఇచ్చింది. తమ్ముడిదంట. సంకల్లో పట్టేత్తంది గానీ, ఎండకి బాగుంటాది."

"అతను చచ్చిపోయాడు" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

"తెల్సు సార్. సచ్చిపోనోడిది కాపోతే ఇంత మంచి గుడ్డ ఎవులిత్తారు?" అని క్యాను భుజాన పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నమే రేసుల వాళ్ళు ఫోన్ చేశారు. పద్మనాభం దగ్గర కొత్త ట్రాకు కడుతున్నారు. వస్తావా రావా, ఆదివారంలోగా చెప్పమన్నారు. చెబుతాను అన్నాను. ఏం చెప్పను? వాడు పోయినప్పటినుంచీ నేను తేల్చుకోలేనిది అదొక్కటే. రేసులు మానెయ్యాలా, మళ్ళీ బండి ఎక్కాలా. మింగలేక కక్కలేక ఉన్నాను.

వాడి పేరు రాయను. పేరు ఒకసారి పేపర్లో వచ్చింది, జిల్లా పేజీలో అడుగున. వయసు తప్పు, ఊరు తప్పు, పైగా సరదా ప్రాణం తీసిందని హెడ్డింగు. సరదా అట, వాళ్ళ మొహం! వాడికి సరదా అంటే మధ్యాహ్నంపూట ట్రైలరు కింద నీడలో గోనెసంచి పరుచుకుని పడుకోవడం. రేసు ముందురోజైతే వాడికి విరేచనాలు పట్టుకునేవి. సరదాకి ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటాయా?

మేమిద్దరం బావా అంటే బావా అనుకునేవాళ్ళం. చుట్టరికం ఏమీ లేదు. విశాఖపట్నంలో బావ అనిపించుకోడానికి చుట్టరికం అక్కర్లేదు, పక్కన నిలబడితే చాలు. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి స్టీల్‌ప్లాంటు ఉద్యోగానికి వచ్చి గాజువాకలో ఉండిపోయాడు. వాళ్ళది పద్మనాభం అవతల పల్లె. తల్లీ తండ్రీ పోయాక వాళ్ళ అక్క వాణ్ణి కంచరపాలెం తెచ్చి పెంచింది. ఈ వైపు వాళ్ళు అక్కని అప్ప అంటారు. నేనూ అప్పా అనే అంటాను. నేను పోర్టు దగ్గర ఓ ఏజెంటు ఆఫీసులో గుమాస్తాని. వాడు స్టీల్‌ప్లాంటు నుంచి పోర్టుకి ఇనప ఊచలు తోలే ట్రైలరు డ్రైవరు.

మొదటిసారి చూసింది పోర్టు గేటు బయట, లారీల వరసలో. ట్రైలరు బానెట్టు మీద మోకాళ్ళదాకా వచ్చే రేసు బూట్లు ఆరబెట్టి ఉన్నాయి. నేను అప్పటికే మట్టి రేసుల పిచ్చిలో పడి ఉన్నాను. ఖాళీ స్థలంలో మట్టిదిబ్బలు పోసి, మలుపులు కట్టి, పక్కన రిబ్బన్లు లాగి, మోటారుసైకిళ్ళతో దూకించే రేసులు. బూట్లు చూడగానే ప్రాణం లేచొచ్చింది.

"ఎవరివండీ ఈ బూట్లు?"

టైరు పక్కన కూర్చున్న మనిషి తలెత్తాడు. ముందు పన్ను లేదు. "నావే. ఏం, తొడుగుతావేటి? కంపు కొడతన్నాయి, సచ్చిపోతావు."

ఆ పన్ను చివరిదాకా కట్టించుకోలేదు. అడిగితే, "మళ్ళీ పడతాను గదా బావా, పళ్ళ డాక్టర్ని ఎన్నిసార్లని ఇబ్బంది పెడతాం?" అనేవాడు.

రోడ్డు మీద వాడంత నెమ్మదస్తుణ్ణి నేను చూడలేదు. ఊచల లోడు మీద బ్రేకు గట్టిగా కొడితే ఊచలు జారి క్యాబిను చీల్చుకుని వస్తాయి. అలా పోయినవాళ్ళని కళ్ళారా చూశాడు. అందుకని ట్రైలరుని పెళ్ళి ఊరేగింపులా నడిపేవాడు. మోటారుసైకిలు ఎక్కినా అంతే. పచ్చలైటు ఉన్నా ఓసారి ఆగి, అటూ ఇటూ చూసి కదిలేవాడు. తాతలు సైకిళ్ళ మీద దాటిపోతుంటే వెనక కూర్చున్న నాకు సిగ్గేసేది. నువ్వేం రేసరువి బావా అంటే, "రోడ్డు మీద ఎవుడికీ ఇది రేసని తెల్దు బావా. తెలిసినోళ్ళ మద్దెనే స్పీడుగా ఎల్లాల" అనేవాడు.

బండి కళ్ళతో నడిపేది సగమేనని వాడి వాదన. "మిగతా సగం ఈపుతో తోలాల. ఎనకాల ఏటున్నాదో ఈపుకి తెలియాల" అని వీపు చరుచుకునేవాడు. గొప్పలు చెప్తున్నాడనుకునేవాణ్ణి మొదట్లో. రేసు అయ్యాక నా దగ్గరికొచ్చి, "ఆ పెద్దమలుపు కాడ లోపల్నించి దూరుదామనుకుని మానీసినావు. ఎందుకు మానీసినావు?" అని అడిగేవాడు. నిజమే, మానేశాను. కానీ అప్పుడు వాడు నాకు ముందున్నాడు, తల తిప్పలేదు. ఎలా తెలిసిందిరా నాయనా అంటే పన్నులేని నవ్వు ఒకటి నవ్వేవాడు.

రేసురోజు పొద్దున్నే చెప్పులు విప్పేసి ట్రాకు మొత్తం నడిచేవాడు. తల దించుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, అంగుళం అంగుళం వెతుకుతూ. అది తెలియనివాళ్ళు ఏమన్నా పారేసుకున్నావా అని అడిగితే, "పన్ను" అనేవాడు మొహంలో నవ్వు కనపడకుండా. పాపం కొందరు నిజంగానే వెతకడానికి సాయం వచ్చేవాళ్ళు.

అంత ఎత్తు దిబ్బలు దూకే మనిషికి సముద్రమంటే వణుకు. ఒకసారి రుషికొండ తీసుకెళ్ళాను. అందరూ నీళ్ళలో ఆడుకుంటుంటే వాడు ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, పొడి ఇసుక మీద నిలబడిపోయాడు. అల కాస్త దగ్గరికి వస్తే ఎగిరి వెనక్కి పోయేవాడు. చెయ్యి పట్టి లాగితే నిజంగా కోపం వచ్చింది. "ఒగ్గీ బావా! దీనికి బ్రేకుల్లేవు, నమ్మకూడదు" అన్నాడు. ఇంటికి వెళ్ళేదాకా మాట్లాడలేదు.

వాణ్ణి నేను ఏ రేసులోనూ దాటలేదు. వాడు ముందు, నేను వెనక. వాడి వెనకచక్రం లేపిన మట్టి నేను తిన్నంత అన్నం తిని ఉండను. అసూయ లేదంటే అబద్ధం. ఉండేది, బాగానే ఉండేది. కానీ రేసవగానే ఆ అసూయని నిలవనిచ్చేవాడు కాదు. మా ఇద్దరి మధ్య వాడు పెట్టిన రూలు ఒకటుంది. గెలిచినవాడే రెండు బళ్ళూ కడగాలి. "ఓడిపోనోడు ఏడుపులో ఉంటాడు బావా. సేతులు కాళీగా ఉండీది గెలిసినోడికే" అని దానికో న్యాయం. కంచరపాలెంలో రైలుపట్టాల పక్కన ఓ వాటర్‌వాష్ షెడ్డు. అక్కడ నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, టీ చేతికిచ్చి, తన బండికంటే ముందు నా బండి కడిగేవాడు. గొలుసు సందుల్లో మట్టి వేలితో తీసేవాడు. తీస్తూ తీస్తూ, "ఓరోజు నువ్వు నన్ను దాటాల. నాను ఆ బెంచీ మీద కూకుని టీ తాగాల" అనేవాడు. ఏటా వేసంగి వస్తుంది, పోతుంది, నేను బెంచీ మీదే.

ఆ రోజు రేసు శ్రీకాకుళం దాటాక, లేఅవుట్ వేసి అమ్ముడుపోని స్థలంలో జరిగింది. వాన పడక నేల పిండిలా ఉంది. ఆఖరి చుట్టులో వాడు ముందు, ఎప్పట్లాగే. నేను వాడి వెనకే. మిగతావాళ్ళు మా వెనక. పెద్దదిబ్బ ఎక్కేటప్పటికి వాడి చక్రం లేపిన దుమ్ములో నాకు హ్యాండిలు కూడా కనపడలేదు. గుడ్డిగా దూకాను. అవతల దిగి, దుమ్ములోంచి బయటపడి చూస్తే ముందు ఎవరూ లేరు.

రేసులో ముందు మనిషి లేడంటే అర్థం ఒకటే. దాటేశాం. దుమ్ములో ఎక్కడో వాణ్ణి దాటేశాననుకున్నాను. ముందు లేడు కాబట్టి వెనక ఉన్నాడనుకున్నాను. వెనక చప్పుడు లేదు. ఒక్క ఇంజను చప్పుడూ లేదు. అబ్బ, ఎంత దూరం వదిలేశానురా అని పొంగిపోయాను. హెల్మెట్ లోపల కేక పెట్టాను. చేతులు రెండూ పైకెత్తి గీత దాటాను. ఎదురుగా వచ్చి ఎత్తుకుంటారనుకున్న జనమంతా నన్ను దాటుకుని దిబ్బవైపు పరుగెడుతున్నారు.

వాడు దిబ్బ అవతల రిబ్బను బయటికి విసిరేసినట్టు పడి ఉన్నాడు. నేను దూకింది వాడి పక్కనుంచే. నేను వెళ్ళిన తర్వాత దుమ్ము తగ్గి, అప్పుడు లేచింది ఎర్రజెండా. వెనకవాళ్ళందరినీ ఆపేశారు. నేను గెలుపనుకున్న నిశ్శబ్దం అదీ. హెల్మెట్‌కి చిన్న గీత కూడా లేదు. మెడ విరిగింది. అంబులెన్సు నరసన్నపేట చేరేలోపే ప్రాణం పోయింది.

దహనం అయిన మర్నాడు షెడ్డుకి వెళ్ళాను. గూడ్సు వ్యాను వాడు రెండు బళ్ళూ అక్కడే దించిపోయాడు. రూలు రూలే కదా. గెలిచినవాణ్ణి నేనే కదా. మొదట వాడి బండి కడిగాను. వాడి బండి కడగడం నాకు అదే మొదలు. ఎక్కడ నుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. ఎడమవైపు హ్యాండిలు వంగి ఉంది, పొగగొట్టంలో ఎండుగడ్డి ఇరుక్కుంది. గొలుసు సందుల్లో మట్టి వేలితో తీశాను. షెడ్డు యజమాని అలవాటు ప్రకారం టీ రెండు తెచ్చి, ఒకటి నాకిచ్చి, రెండోది ఏం చెయ్యాలో తెలియక బెంచీ మీద పెట్టి వెళ్ళిపోయాడు. బండిమీద తల పెట్టుకుని ఏడ్చాను. పట్టాల మీద గూడ్సు పోతోంది కాబట్టి ఎవరికీ వినపడలేదు.

కడిగిన బండిని నడిపించుకుంటూ అప్ప ఇంటికి తీసుకెళ్ళాను. ఆవిడ బండిని కిందనుంచి పైదాకా చూసింది.

"కూకో బాబూ" అంది. కూర్చున్నాను. "ఆరోజు ఎవులు గెలిసినారు?"

"నేనే అప్పా."

"ఆడు పడిపోనాకా గెలిసినావా, ఆణ్ణి దాటినాకా ఆడు పడిపోనాడా?"

"తెలీదప్పా."

"తెల్దంటావేటి? పక్కనుంచే ఎల్లినావంట గదా, నీ కళ్ళేటైనాయి?"

"దుమ్మప్పా. ఏమీ కనపడలేదు."

ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని, మళ్ళీ తీసింది. "ఆడెప్పుడూ సెప్పీవోడు. మా బావకి దమ్మున్నాది అప్పా, ఓరోజు నన్ను దాటీత్తాడు, సూడు అని. అది సూడాలని ఆడికి మా ఇది. అది సూసి పోనాడా, సూడకుండా పోనాడా? అదొక్కటి సెప్పు బాబూ నాకు."

ఓ అబద్ధం చెబితే ఆ తల్లి మనసు కుదుటపడేది. మళ్ళీ వస్తానని లేచి వచ్చేశాను. మళ్ళీ వెళ్ళలేదు. ఆ వీధి మొగదాకా వెళ్ళి వెనక్కి తిరిగిన రోజులున్నాయి.

అప్పట్నుంచీ పట్టుకుంది నాకు. దెయ్యం అంటే తెల్లచీరా, విరబోసిన జుట్టూ కాదు. నాకు పట్టినదానికి రూపం లేదు. నడుస్తుంటే వీపు మీద ఎవరో ఉన్నట్టుంటుంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. సరే లేడు కదా అని ముందుకు తిరిగితే, ముందు కూడా లేడే అనిపిస్తుంది. బస్సుల మధ్యలో, మనుషుల మధ్యలో, ఆఫీసులో కుర్చీలో కూడా. ఒకసారి పోర్టు గేటు దగ్గర ఊచల ట్రైలరు వెనక స్కూటరు ఆపి, అది కదిలినా కదలకుండా నిలబడిపోయాను. వెనక లారీల వాళ్ళు అమ్మనా బూతులు తిట్టారు.

నీళ్ళ ఆటో కుర్రాడి సంగతి, ఫోను సంగతి మా ఆవిడతో చెప్పాను. ఆమెది గోదావరి వైపు, మాట ఖచ్చితం. చారు పోస్తున్న గరిటె ఆపింది.

"వెళ్ళొద్దు అని నేను అనను. అంటే రేపట్నుంచి జీవితాంతం 'నువ్వే ఆపేశావు' అని నన్ను సాధిస్తావు. వెళ్ళమనీ అనను, నాకేం పిచ్చా? కానీ నువ్వు అన్నం తింటూ కూడా వెనక్కి తిరిగి చూస్తున్నావు, తెలుసా నీకు? ఆ మెడ నొప్పి పుట్టదూ? అదేదో తేల్చుకునిరా."

ఆదివారం లోపే రేసుల వాళ్ళకి ఫోన్ చేసి, వస్తానని చెప్పేశాను. వీరావేశం ఏమీ కాదు. మానేస్తే నా ఆఖరి రేసు ఆ దొంగ గెలుపే అవుతుంది. మళ్ళీ ఎక్కి, సరిగ్గా నడిపి, మామూలుగా గెలిస్తేనో ఓడితేనో, అప్పుడైనా నాకు తెలుస్తుందేమోనని ఆశ. వాణ్ణి దాటగల సత్తా నాకుందా లేదా? అప్ప అడిగినదానికి ఏదో ఒక జవాబు దొరుకుతుందా? ఇంతే నా లెక్క. తిక్కలెక్కే.

పద్మనాభం దగ్గర, వరి కోసేసిన మడుల్లో కట్టారు ట్రాకు. పొద్దున్నే చెప్పులు విప్పి నడుద్దామనుకున్నాను, నా వల్ల కాలేదు. బండి ఎక్కాక మాత్రం ఒళ్ళు దాని పని అది చేసుకుపోయింది. కొత్తవాళ్ళు జోరుగానే ఉన్నారు, అయినా ఒక్కొక్కర్నీ దాటుకుంటూ వచ్చాను. ఆఖరి చుట్టు మొదలయ్యేసరికి అందరికన్నా ముందు నేనే. గెలిచేస్తున్నాను. వాడు లేని రేసులో గెలవడం ఇంత సులువా అని ఒక్కసారిగా కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు.

పెద్దదిబ్బ ఎక్కాను, దూకాను. అవతల గాలి ఎదురు తిరిగింది. వెనకవాళ్ళకీ నాకూ మధ్య దిబ్బ అడ్డం. ముందు ఎవరూ లేరు. వెనక చప్పుడు లేదు.

అచ్చం అదే. ఆ రోజు కేక పెట్టి పొంగిపోయిన నిశ్శబ్దమే. ఇప్పుడు వీపు మంచుముద్దలా అయిపోయింది. ఇంకొక్క మలుపు తిరిగితే గీత కనపడుతుంది. చేతులు ఎత్తొచ్చు. చెయ్యి యాక్సిలేటరు మీద తిరగలేదు. బండిని పక్కకి తీసుకెళ్ళి, రిబ్బను కట్టిన గుంజకి ఆనించి, ఇంజను ఆపేశాను. హెల్మెట్ తీసి, ట్రాకు మీద ఎప్పుడూ చెయ్యని పని చేశాను. వెనక్కి తిరిగి నిలబడి చూశాను.

కాసేపటికి దిబ్బ మీంచి ఒక బండి లేచింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత గుంపుగా. ఒక్కొక్కడూ క్షేమంగా నేలమీద దిగుతుంటే నాకు ఊపిరి ఆడింది. ఒకడు నావైపు చెయ్యి ఊపి ఏదో అరుచుకుంటూ పోయాడు. అందరూ నన్ను దాటి వెళ్ళిపోయారు. వెళ్ళిపోతుంటే బాధ కలగలేదు. మళ్ళీ బండి ఎక్కనని అక్కడే తెలిసిపోయింది. అప్పకి చెప్పాల్సింది కూడా తెలిసింది. దాటలేదప్పా. ముందు లేకపోయినంత మాత్రాన దాటినట్టు కాదు. వాణ్ణి నేను దాటలేదు.

మలుపు దగ్గర జెండా పట్టుకున్న ఆ ఊరి పెద్దాయన, తలకి తువ్వాలు చుట్టుకుని, గబగబా నా దగ్గరికి వచ్చాడు.

"ఏటైంది బాబూ? బండి సైనేటైనా తెగిపోనాదా?"

"లేదు."

"పెట్రోలు అయిపోనాదేటి?"

"ఉంది."

"మరేటి ఆగిపోనావు? సేతిలో ఉన్న రేసు బంగారంలాగ ఒగ్గీసినావే!"

"అందరూ వస్తున్నారో లేదో చూద్దామని."

"వచ్చీసినారు గదా. ఎలిపోనారు కూడాని. నాను సూడనేదేటి? ఇంకెవులున్నారని అలగ సూత్తన్నావు?"

"ఇంకొకడు రావాలి" అన్నాను.

ఆయన నా మొహంకేసి చూశాడు. జెండా చంకలో పెట్టుకుని, నా పక్కనే నిలబడి, ఆయనా దిబ్బవైపు చూడటం మొదలుపెట్టాడు.